మార్క్ 14: పేలని టార్పెడో కథ

1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగే నాటికి పసిఫిక్‌లో జపాన్‌కు 10 భారీ యుద్ధనౌకలు, 10 విమానవాహక నౌకలు ఉండగా, అమెరికా పసిఫిక్ నౌకాదళానికి 9 భారీ యుద్ధనౌకలు, 3 విమానవాహక నౌకలు ఉన్నాయి. నౌకాబలం గురించిన చర్చ సాధారణంగా ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది గాని, ఫిలిప్పీన్స్ కేంద్రంగా పనిచేసే అమెరికా ఆసియా నౌకాదళంలో ఉన్న 29 జలాంతర్గాముల సన్నద్ధత ఇంతకంటే లోతుగా పరిశీలించదగిన విషయం. వాటిలో కొత్త తరానికి చెందిన 23 నౌకల పోరాటశక్తి అంతా మార్క్ 14 అనే ఒకే ఒక ఆయుధం మీద ఆధారపడి ఉండేది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ టార్పెడో కేంద్రం 1930లలో రూపొందించిన ఈ టార్పెడో పొడవు 6.25 మీటర్లు, బరువు దాదాపు ఒకటిన్నర టన్ను, ఖరీదు సుమారు 10,000 డాలర్లు. ఆల్కహాల్‌ను సంపీడిత గాలిలో మండించి, ఆ వేడితో పుట్టిన ఆవిరితో టర్బైన్‌ను తిప్పుకుంటూ, 46 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 85 కిలోమీటర్ల వేగంతో, 4 కిలోమీటర్ల దూరం పోగలదు. ఉక్కు నౌక తన చుట్టూ ఉన్న భూఅయస్కాంత క్షేత్రాన్ని మారుస్తుంది కనుక, ఆ మార్పును పసిగట్టి నౌక అడుగున పేలి దాని వెన్ను విరిచే రహస్య పరికరాన్ని కూడా ఇందులో అమర్చారు. ఆ పరికరపు తొలి రూపాన్ని 1926లో ఒక పాత జలాంతర్గామి మీద రెండుసార్లు ప్రయోగించగా ఒక్కసారే పేలింది; యుద్ధం వచ్చేదాకా నిజమైన పేలుడు మందుతో మరో పరీక్ష జరగలేదు. పొదుపు కోసం పరీక్షను వదులుకోవడమే ఈ కథలోని అసలు తప్పిదం.

1941 డిసెంబర్‌లో సార్గో అనే జలాంతర్గామి తన తొలి యుద్ధ గస్తీలో 13 టార్పెడోలు వదిలినా ఒక్క నౌకా మునగలేదు. డిసెంబర్ 10న మనీలా దగ్గరి కవిటే స్థావరం మీద జరిగిన బాంబుదాడిలో 233 టార్పెడోలు నాశనం కావడంతో ఉన్నవాటిని పరీక్షలకు ఖర్చుచేయడం మరింత కష్టమైంది. గురి తప్పడానికి కమాండర్లే కారణమని నౌకాదళ ఆయుధ విభాగం వాదిస్తూ ఉండగా, 1942 జూన్‌లో ఆస్ట్రేలియాలోని అమెరికా జలాంతర్గాముల అధిపతి అడ్మిరల్ చార్లెస్ లాక్‌వుడ్ అక్కడి ఆల్బనీ దగ్గర నీటిలో చేపల వల కట్టించి, దాని మీదికి టార్పెడోలను వదిలించాడు. వలకు పడిన చిల్లులను కొలిస్తే, అవి నిర్దేశించిన లోతు కంటే సగటున 11 అడుగులు కిందుగా పోతున్నాయని తేలింది. నీటి పీడనాన్ని బట్టి లోతును గుర్తించే భాగాన్ని తోక వైపు సన్నబడే చోట అమర్చడమే దీనికి ఒక ముఖ్య కారణం: వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది కనుక, టార్పెడో తాను పైన ఉన్నానని భ్రమపడి ఇంకా కిందికి దిగేది.

లోతు సరిచేశాక అయస్కాంత పరికరపు లోపం బయటపడింది. భూఅయస్కాంత క్షేత్రం అన్ని అక్షాంశాల వద్ద ఒకేలా ఉండదు కనుక, టార్పెడోలు కొన్నిసార్లు ముందే పేలేవి, కొన్నిసార్లు అసలు పేలేవి కావు. 1943 జూన్ 24న పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ ఆ పరికరం వాడకాన్ని నిలిపివేయించాడు; ఇక నౌకను తాకినప్పుడు పేలే ఏర్పాటు ఒక్కటే మిగిలింది.

సరిగ్గా నెల తరువాత, జులై 24న, పసిఫిక్‌లోని ట్రక్ దీవుల పడమట టినోసా జలాంతర్గామి కమాండర్ డాన్ డాస్పిట్ 19,000 టన్నుల తోనన్ మారు 3 అనే జపాన్ నౌకను కదలలేని స్థితికి తెచ్చి, దాదాపు 800 మీటర్ల దూరం నుంచి, దాని పక్కకు లంబకోణంలో, ఒక్కొక్కటిగా 9 టార్పెడోలు వదిలాడు. అన్నీ తగిలాయి, ఒక్కటీ పేలలేదు. మిగిలిన ఒక్కదానిని పరిశీలన కోసం ఆయన వెనక్కి తెచ్చాడు.

హవాయిలో వార్‌హెడ్‌లను, అంటే టార్పెడోల పేలుడు భాగాలను, 27 మీటర్ల ఎత్తు నుంచి ఉక్కు పలక మీదికి జారవిడిచి చూస్తే, నిటారుగా తగిలినవాటిలో పదింటికి ఏడు విఫలమయ్యాయి. ఏటవాలుగా తగిలినప్పుడు వైఫల్యాలు సగానికి తగ్గాయి. తక్కువ వేగపు టార్పెడోల కోసం తయారైన ఫైరింగ్ పిన్, అంటే పేలుడును రగిలించే సూది, నేరుగా తగిలిన దెబ్బ తీవ్రతకు తన దారిలోనే బిగుసుకుపోయేది. అంటే గురి ఎంత చక్కగా కుదిరితే వైఫల్యం అంత ఖాయమన్నమాట. పిన్‌ను తేలికైన మిశ్రలోహంతో మార్చాక, 1943 సెప్టెంబర్ చివరికి ఆయుధం నమ్మదగినదైంది. తయారుచేసినవారు కాక, దానితో సముద్రంలోకి వెళ్లినవారే ఈ లోపాలను వెలికితీశారు. యుద్ధం ముగిసేసరికి జపాన్ కోల్పోయిన వాణిజ్య నౌకల్లో సగానికి పైగా అమెరికా జలాంతర్గాముల చేతనే మునిగాయి; మార్క్ 14 దాదాపు 1980 వరకు సేవలో కొనసాగింది.