సిరిగేరి ఎండ, సెల్లులో నల్లరేకు

మే నెల మిట్టమధ్యాహ్నం సిరిగేరి నల్లరేగడిలో చెప్పుల్లేకుండా పదడుగులు వేసినవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, నలుపు ఎండను ఎలా తాగుతుందో. అలాంటి ఊళ్లో, సెల్‌ఫోను వేడెక్కకుండా దాని కడుపులో ఒక నల్లటి రేకు అతికిస్తారంటే నవ్వొస్తుంది. కానీ నిజం. రిపేరు షాపులో ఫోను వెనక మూత ఊడదీసినప్పుడు చూడండి, బ్యాటరీ పక్కన బొగ్గురంగులో మెరిసే పలుచటి పొర ఒకటి కనిపిస్తుంది. ఫోను మూత కింద ఎండ ఎటూ పడదు కాబట్టి దాని రంగుతో మనకు పని లేదు. అది గ్రాఫైట్. పెన్సిల్ ముల్లులో ఉండేదే, కాకపోతే పద్ధతిగా పేర్చినది.

బళ్లారి జిల్లాలో తుంగభద్ర దిగువ కాలువ పారే ఈ సరిహద్దు పల్లెల్లో తెలుగు, కన్నడ ఒకే నోట్లో పలుకుతాయి. పొలం గట్టున వీడియో చూస్తుంటే తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. ‘పెనం మాదిరి కాలుతాందన్నా’ అంటూ ఫోనును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకోవడం ఇక్కడ మామూలే. ఫోను చెడిపోయిందనుకోకండి. తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుందంతే.

పెనం అన్న మాట బాగా కుదిరింది. జొన్నరొట్టె కాల్చే ఇంట్లో ఈ శాస్త్రం ముందునుంచీ ఉంది. పలచటి రేకు పెనమైతే మంట తగిలినచోట రొట్టె మాడిపోతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. మందపాటి పెనం వేడిని నలువైపులా పరుస్తుంది. ఫోనులో మంట అంటే గోరంత చిప్. దాని వేడిని వెంటనే పక్కలకు పరచకపోతే ఆ చోటే మాడుతుంది. మందపాటి పెనం పెట్టుకునే చోటు మాత్రం అందులో లేదు.

అందుకే గ్రాఫైట్. వేడిని మోసే శక్తిని కొలిచే లెక్కలో, అంటే మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అనే లెక్కలో, అల్యూమినియం సుమారు 240. రాగి 400. ఇరవై అయిదు మైక్రాన్ల గ్రాఫైట్ రేకు 1600 దాకా వెళ్తుంది. మనం రాసుకునే కాగితంలో నాలుగోవంతు మందం అది. బరువు చూస్తే రాగిలో నాలుగోవంతుకన్నా తక్కువ.

రాగిలో వేడిని మోసేవి ఎలక్ట్రాన్లు. గ్రాఫైట్‌లో ప్రధానంగా పరమాణువుల కంపనాలే మోస్తాయి. కార్బన్ పరమాణువు తేలిక, పక్క పరమాణువుతో పట్టు మహా గట్టి. ఒకచోట కుదుపు పుడితే క్షణంలో ఆ చివరికి చేరుతుంది. అయితే ఇదంతా పొర వెంబడే. గ్రాఫైట్ అంటే రొట్టెల దొంతర. ఒక్కో రొట్టె లోపల పట్టు గట్టిగా ఉంటుంది, రొట్టెకూ రొట్టెకూ మధ్య మాత్రం అంతంతమాత్రం. పెన్సిల్ గీత కాగితానికి అంటుకునేది ఆ పొరలు జారిపోబట్టే. ఈ రేకు వేడిని అడ్డంగా పరిగెత్తిస్తుంది, ఒక పొర నుంచి ఇంకో పొరకు దాటించడంలో మాత్రం బద్ధకిస్తుంది. ఆ పొరల్లో ఒక్కదాన్ని విడదీస్తే గ్రాఫీన్. 2004లో దాన్ని వేరుచేసిన గైమ్, నొవొసెలొవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది. అప్పటినుంచి దుకాణంలో ప్రతి నల్లపొడికీ గ్రాఫీన్ అని పేరు పెడుతున్నారు, అది వేరే కథ.

తయారీలో ఒక తమాషా ఉంది. తేనెరంగు పాలిఇమైడ్ ప్లాస్టిక్ పొరను గాలి తగలకుండా దాదాపు 3000 డిగ్రీల దాకా కాలుస్తారు. ఇనుము కరిగేది 1538 దగ్గరే! మిగతా మూలకాలన్నీ ఎగిరిపోయి కార్బన్ ఒక్కటే మిగిలి, పొరలుగా సర్దుకుంటుంది. నలభై డిగ్రీల బాధ తీర్చే రేకు కోసం మూడువేల డిగ్రీల కొలిమి అన్నమాట.

అలాంటి కొలిముల వాసన బళ్లారి జిల్లాకు కొత్త కాదు. హోసపేట దారిలో తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఉంది. ఉక్కుకు కోక్ కావాలి, బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు తారు వస్తుంది. అదే ప్రాంతంలో ఎప్సిలన్ సంస్థ ఆ తారును శుద్ధిచేసి పిచ్, కార్బన్ బ్లాక్ చేస్తుంది. దాని సోదర సంస్థ 2020లో లిథియం బ్యాటరీల కోసం కృత్రిమ గ్రాఫైట్ తయారీ మొదలుపెట్టింది. ఫోనులోని రేకుకు ముడిసరుకు వేరు, నిజమే. కానీ జిల్లాలోని తారుకూ, రైతు జేబులోని బ్యాటరీకీ చుట్టరికం కలిసిందంటే నాకు అది ఉక్కుకన్నా పెద్ద వార్త.

తెలుగునాట కార్బన్‌ను వేడిమీదికి ఉసిగొల్పిన చోటు హైదరాబాదు. అగ్ని క్షిపణులకు పనిచేసే డీఆర్‌డీఓ అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ అక్కడే ఉంది. 2011 నవంబరు 15న అగ్ని-4 తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చినప్పుడు ఉష్ణకవచం బయట 3000 డిగ్రీలకు పైగా వేడి, లోపలి ఎలక్ట్రానిక్స్ దగ్గర 50కి లోపు. ఫోనులో కార్బన్ కూలివాడు, వేడిని మోసుకుపోతాడు. క్షిపణి ముక్కు మీద కాపలావాడు, తను కాలిపోతూ వేడిని లోపలికి రానివ్వడు. పేర్పు మార్చితే పని మారుతుంది.

ఇంతా చేసి, ఫోనులోని రేకు వేడిని చంపదు, పరుస్తుంది. పరిచిన వేడి చివరికి బయటి గాలిలోకి పోవాలి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని దాని తయారీదారే చెబుతాడు. బళ్లారి ఎండాకాలం ఆ గీతను ఇట్టే దాటేస్తుంది. గాలే నలభై రెండు డిగ్రీలుంటే, నలభై అయిదుకు చేరిన ఫోను తన వేడిని ఎవరికి ఇస్తుంది? మూడు డిగ్రీల వాటంలో వేడి ఎంతని దిగుతుంది? ఎక్కడో చల్లటి గదిని మనసులో పెట్టుకుని గీసిన గీత అది. 1600 అంకెను చూసి మురిసిపోయే ప్రకటనల్లో ఈ మాట కనబడదు.

రిపేరులో చిరిగిన రేకును అలాగే వదిలేసి మూత బిగించే షాపులూ ఉన్నాయి. తెర మార్పించుకున్నాక ఫోను మునుపటికన్నా వేడెక్కుతుంటే ఆ నల్లపొర ఏమైందో అడగండి. వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. రబ్బరు పౌచ్ తీసి, ఛార్జర్ పీకి, వేపచెట్టు కింద గాలి ఆడేచోట ఓ పావుగంట వదిలేయండి. సిరిగేరి గట్టుమీద మనిషి నడుం వాల్చేదీ అక్కడే.