కందకం దాటకుండానే ఖల్లివల్లి

కువైట్‌కూ ఇరాక్‌కూ మధ్య ఇసుకలో ఒక కందకం ఉంది. దాదాపు 5 మీటర్ల వెడల్పు, అంతే లోతు. పక్కనే మట్టికట్ట, ముళ్లకంచె, కరెంటు తీగలు. 1990లో సద్దాం హుస్సేన్ సైన్యం ఆ వైపు నుంచే వచ్చి దేశాన్ని ఆక్రమించింది కాబట్టి, ఆ తర్వాత ఇంత అడ్డు కట్టుకున్నారంటే తప్పుపట్టలేం. కానీ తాడేపల్లిగూడెం, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లి, కువైట్‌లో కాగితాలు లేకుండా మిగిలిపోయిన, ‘ఖల్లివల్లి’ అని పిలిచే ఆడవాళ్లలో ఆ కందకాన్ని దాటివెళ్లినవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లంతా విమానం దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని వెళ్లినవాళ్లే.

అక్రమ వలస అనగానే గోడ కట్టాలా వద్దా అనే వాదనే మొదలవుతుంది. అమెరికా, మెక్సికోల మధ్య సరిహద్దు 3,100 కిలోమీటర్ల పైమాటే. అందులో మూడోవంతుకు మించి కంచె, గోడ ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించినప్పుడు తెలుగునాట కూడా చాలా ఇళ్లలో గుండెలు దడదడలాడాయి. తీరా జాబితా చూస్తే హర్యానా, గుజరాత్, పంజాబ్‌ల వాళ్లే ఎక్కువ. ఒక్క తెలుగు పేరూ లేదు. అడవులు, నదులు దాటి గోడ దూకే ‘డంకీ’ దారి మనవాళ్లకు పెద్దగా అలవాటు లేదు.

మనవాళ్లు అమెరికాలో చిక్కుల్లో పడిన పెద్ద సందర్భాలు రెండూ చదువు వీసాలవే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. చదువు పేరుకే, అసలు వ్యాపారం వీసా కాగితాలు. విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలోనూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వాళ్లే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టడం అప్పట్లో పెద్ద గొడవైంది. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే అమెరికా ప్రభుత్వమే వలగా పన్నింది. అందులో పడ్డవాళ్లలోనూ తెలుగు పిల్లలే ఎక్కువ. వీళ్లెవరికీ గోడ అడ్డు కాదు. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లాక కాగితం చెల్లకుండా పోయింది.

తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ఈ చదువు వలసా, కువైట్ ఇంటిపని వలసా ఒకే ప్లాట్‌ఫాం మీద కనిపిస్తాయి. ఊళ్లో బ్రిటిష్ కాలపు రన్‌వే ఉంది కానీ, విమానం ఎగిరి దశాబ్దాలైంది. ఎం.ఎస్.కు వెళ్లే కుర్రాడైనా, ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్లే తల్లి అయినా రైలో బస్సో ఎక్కి హైదరాబాద్‌కో, చెన్నైకో, మరో ఊరి విమానాశ్రయానికో పోవాల్సిందే. కుర్రాణ్ని సాగనంపడానికి బంధువర్గమంతా వస్తుంది. ఆమె వెంట భర్తో, అన్నో, లేకపోతే ఏజెంటు మనిషో ఉంటాడు.

ఆమె ఎందుకు వెళుతుందో కొల్లేరు వైపు చూస్తే కొంత అర్థమవుతుంది. వరి చేలున్న చోట నాట్లు, కలుపు, కోత అంటూ ఆడవాళ్లకు కూలి దొరికేది. చేలు చేపల చెరువులయ్యాక ఎకరాల కొద్దీ నీళ్లకు గట్టు మీద ఇద్దరు కాపలా మనుషులుంటే చాలు. మేత చల్లడం, వల లాగడం మగవాళ్ల పని. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో, అభయారణ్యం హద్దుగా పెట్టిన అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకు అది అవసరమే. అయితే వాటి మీద బతికిన పేదలకు ఊరు విడిచే కారణం ఇంకొకటి తోడైంది. కువైట్‌లో ఇంటిపనికి 2016లో ఖరారు చేసిన కనీస జీతం నెలకు 60 దినార్లు, అంటే ఇప్పటి లెక్కన పదహారు వేల రూపాయలకు పైనే. తిండి, బస యజమానులవే. చేతికొచ్చింది వచ్చినట్టు ఇంటికి పంపొచ్చు. ఇంటి అప్పు, కూతురి పెళ్లి దగ్గర పెట్టుకుని చూస్తే ఆ లెక్క బలంగానే కనబడుతుంది.

మరి ఆమె అక్రమ నివాసి ఎలా అవుతుంది? ఖద్దామాగా వెళ్లే ఆడవాళ్ల దగ్గర ఏజెంటు చాలాసార్లు డబ్బు అడగడు. ‘వీసా ఫ్రీ’ అంటాడు. ఖర్చంతా అక్కడి యజమాని, అంటే కఫీల్ భరిస్తాడు. దిగగానే పాస్‌పోర్టు ఆయన చేతికి పోతుంది. పని భరించలేకో, జీతం ఇవ్వలేదనో వెళ్లిపోతానంటే, ‘నీ కోసం ఇంత కట్టాం, అది ఇచ్చి కదులు’ అంటారు. ఇరవై నంబరు వీసా ఆ ఒక్క ఇంటికే ముడిపడి ఉంటుంది. గడప దాటిందంటే కఫీల్ ‘పారిపోయింది’ అని ఫిర్యాదు పెట్టొచ్చు. దాంతో అకామా, అంటే నివాస అనుమతి, పోతుంది, ఆమె ఖల్లివల్లి అవుతుంది. సరిహద్దు దాటినందుకు కాదు, ఇల్లు దాటినందుకు! 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని వద్దంది, వారానికో సెలవు ఇవ్వమంది, పాస్‌పోర్టు లాక్కోవద్దంది. కానీ వేరొకరి ఇంటి తలుపు వెనక ఏం జరుగుతోందో చూసే ఇన్‌స్పెక్టర్లు ఏ దేశానికీ సరిపడా లేరు.

మన వైపు కూడా ఒక గోడ ఉంది. పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లను పక్కనపెట్టి, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఉద్దేశం మంచిదే. పల్లె ఏజెంటు మాత్రం దీన్ని విజిట్ వీసాతో దాటేస్తాడు: ‘ముందు దుబాయ్ వెళ్లు, అక్కడ మార్పిస్తాం.’ అలా వెళ్లినామె పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ రికార్డులో ఉండదు. కష్టమొస్తే కుటుంబం జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టుకుంటుంది. అందులో రాయడానికి కఫీల్ పేరు కూడా తెలియదు.

నేపాల్‌లోనూ ఇదే జరిగింది. 2012లో అక్కడ 30 ఏళ్లలోపు ఆడవాళ్లు గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లకూడదన్నారు. వెళ్లేవాళ్లు ఆగలేదు, భారత్ మీదుగా వెళ్లారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ అధ్యయనం 2015లో ఈ సంగతే చెప్పింది. వయసు హద్దు ఎత్తేస్తే చిన్న పిల్లలను పంపించేస్తారన్న భయం నిజమే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ దొంగదారిలో వెళ్లిన పాతికేళ్ల అమ్మాయికి ఆ నిబంధన ఏ రక్షణా ఇవ్వడం లేదన్నదీ అంతే నిజం.

కువైట్ అప్పుడప్పుడు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటిస్తుంది. 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. 2020లో జరిమానాలు మాఫీ చేసి, టికెట్ కూడా తామే ఇస్తామన్నారు. సరిగ్గా అప్పుడే కరోనాతో విమానాలు ఆగాయి. ఔట్‌పాస్ (స్వదేశానికి వెళ్లే తాత్కాలిక కాగితం) చేతపట్టుకుని వేలమంది వారాల తరబడి శిబిరాల్లో పడిగాపులు కాశారు. ఆమ్నెస్టీ లెక్కలను తగ్గిస్తుంది, ఖల్లివల్లి తయారయ్యే పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది. బహ్రెయిన్ 2017లో మరో దారి పట్టింది. కాగితాలు పోయిన కార్మికులు కొందరు కఫీల్ లేకుండా సొంతంగా పర్మిట్ తీసుకోవచ్చంది. ఫీజు ఎక్కువని విమర్శలొచ్చాయి, 2022లో దాన్ని మార్చారు. అయినా దాక్కుని బతకడం కంటే ఫీజు కట్టి బతకడమే నయమనుకున్నవాళ్లు చాలామందే.

కువైట్ కూడా 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు ఇరవై నంబరు వీసావాళ్లు పద్దెనిమిదికి, అంటే కంపెనీ ఉద్యోగాలకు మారే వీలిచ్చింది. పాత కఫీల్ ఒప్పుకోవాలన్న షరతు మాత్రం వదల్లేదు. ఇక మన దగ్గర 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో పల్లె ఉప ఏజెంటుకు చోటే లేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు అతని పేరు చెప్పడు, రసీదు మీద అతని సంతకం ఉండదు. విజిట్ వీసా బేరం కుదిరేది మాత్రం అతని అరుగు మీదే.