ప్రీ రిక్విజిట్స్ లేకుండానే కోర్సా? ముందు ఈ పరీక్ష పెట్టుకోండి!

ఎన్‌పీటీఈఎల్‌లో మెషిన్ లెర్నింగ్ కోర్సుకు ఎన్‌రోల్ అవ్వడానికి కొన్ని నిమిషాలు చాలు. లీనియర్ ఆల్జీబ్రా వచ్చా, ప్రాబబిలిటీ వచ్చా అని అడిగేవారుండరు. కోర్సు పేజీలో ‘ప్రీ రిక్విజిట్స్’ అని ఒక లైన్ కనిపించినా చాలామంది చదవకుండా వదిలేస్తారు. మొదటి వారం వీడియోలు సాఫీగా సాగిపోతాయి. తెర మీద మ్యాట్రిక్సులు, పార్షియల్ డెరివేటివ్‌లు మొదలయ్యేసరికి బండి ఆగిపోతుంది.

అలాగని మ్యాథ్స్ మొత్తం పూర్తిచేశాకే కోర్సులో చేరాలా? ప్లేస్‌మెంట్లు దగ్గరపడుతుంటే అంత టైమ్ ఎక్కడిది! ఆ కోర్సుకు నిజంగా కావాల్సిన భాగం ఎంతో తేల్చుకుంటే చాలు.

సగం మీరు చదివిందే

ఇంటర్‌లో ఎంపీసీ చేసినవారికి మ్యాట్రిక్సులు, వెక్టర్ల డాట్ ప్రొడక్ట్ మ్యాథ్స్ 1ఏలో వచ్చాయి. డిఫరెన్షియేషన్ 1బీలో, బేయిస్ థీరమ్, రాండమ్ వేరియబుల్స్ 2ఏలో ఉన్నాయి. ఐగెన్ వాల్యూస్, పార్షియల్ డెరివేటివ్‌లు బీటెక్ మొదటి ఏడాదివి. డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారు వీటిని విడిగా చూసుకోవాలి. ఇక చాలామందికి కొత్తగా ఉండేది పైథాన్‌లో నమ్‌పై వాడకమే.

ఇరవై నిమిషాల పరీక్ష

కోర్సు పాత లెక్చర్లు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగో వారం లెక్చర్ ఒకటి తీసుకుని, పెన్నూ కాగితం పట్టుకుని 20 నిమిషాలు చూడండి. అర్థంకాని ప్రతి మాటా రాసుకోండి. మూడు, నాలుగు తేలితే ధైర్యంగా చేరండి, ఆ వారం వచ్చేలోపు వాటిని నేర్చుకోవచ్చు. ప్రతి లైన్ దగ్గరా ఆగాల్సి వస్తోందా? ఈ సెమిస్టర్‌కు ప్రాబబిలిటీయో లీనియర్ ఆల్జీబ్రానో తీసుకోండి.

అన్నీ ఇలా మధ్యలో నేర్చుకునేవి కావు. పాయింటర్లు తెలియకుండా సీలో లింక్‌డ్ లిస్ట్ రాయలేం. రికర్షన్ రాకపోతే ట్రీల దగ్గర ఇరుక్కుపోతాం. వీటికి వారాల ప్రాక్టీస్ కావాలి. డేటా స్ట్రక్చర్స్‌కు ముందే చేసేయాలి.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. కనీసం 10, 30 చొప్పున విడివిడిగా వస్తే సర్టిఫికెట్ వస్తుంది. అది రెజ్యూమెలో పెట్టాక ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే రావచ్చు. ఉదాహరణకు, ‘గ్రేడియంట్ డిసెంట్‌లో లెర్నింగ్ రేట్ మరీ పెంచితే ఏమవుతుంది?’ అని అడిగారనుకోండి. ఫార్ములా బట్టీపట్టినవారు తడబడతారు. డెరివేటివ్ అంటే వాలు అని తెలిసినవారు మాత్రం, ‘అడుగు మరీ పెద్దదైతే లోయను దాటేసి అవతలి గట్టెక్కుతాం, ఎర్రర్ తగ్గకపోగా పెరగొచ్చు’ అని చెప్పేస్తారు. ఆ వాలు లెక్కలు 1బీలో టాంజెంట్ల దగ్గర చేసినవే.

కాబట్టి కొత్త కోర్సుకు ఎన్‌రోల్ అయ్యే ముందు, ఈ ఆదివారం అటక మీదున్న ఇంటర్ పుస్తకాలు కిందికి దించండి.