వాన ఆగినా కొల్లేరు ఆగదు

మాది చింతలపూడి. మొన్న ముసురులో నలుగురు ఫ్రెండ్స్‌మి కొల్లేరు ఎల్లాం, దోనె ఎక్కుదామని. మేం చేరేసరికి చినుకు ఆగింది. దోనె నడిపే పెద్దాయన గెడ పక్కనెట్టి, "రాత్రి మీ ఊళ్లో వాన పడిందా బాబూ?" అన్నాడు. కుమ్మేసిందండి అన్నాం. "అయితే ఇయ్యాల వద్దు" అనేశాడు.

ఊరికే బెదిరిస్తన్నాడనుకున్నాం. కాదు. ఏలూరులో కలిసే కృష్ణా, గోదావరి కాలవల్లో నీటిని లాకులు పట్టుకుంటాయి. వెనకటి పడవలు ఆ లాకుల్లోనే మెట్టు మెట్టుగా ఎక్కి దిగేయి. కొల్లేటికి అలాంటి పట్టు లేదు. మా మండలంలో నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరు గేట్లెత్తితే ఆ నీళ్లు కొల్లేటికే. బుడమేరు, రామిలేరు కూడా అందులోకే. బయటికి దారి ఉప్పుటేరొక్కటే, సముద్రం దాకా దాదాపు 60 కిలోమీటర్లు. మధ్యలో గుర్రపుడెక్క, చేపల చెరువుల గట్లు. ఆ గట్లు 2006లో కొట్టేశారు, చాలా మళ్లీ లేచాయి. వచ్చే ఏర్లు బోలెడు, పోయేది ఒక్కటి. అందుకే నెత్తిన ఎండ కాస్తన్నా అక్కడ నీళ్లు పెరుగుతానే ఉంటాయి.

గట్టు మీదే టీ తాగుతా కూర్చున్నాం. సాయంత్రానికి దోనె కట్టిన గుంజ సగం మునిగింది. "మీ ఊరి నీళ్లే" అన్నాడు పెద్దాయన.