మూగవోయిన కారు రేడియో: స్మృతి చిప్‌లో దాగిన నాలుగంకెలు

యంత్రం చెడిపోవడం వేరు. ఏ లోపమూ లేకుండానే పలకడానికి నిరాకరించడం వేరు. కారు బ్యాటరీని మార్చిన మరునాడు, నిన్నటిదాకా చక్కగా పాడిన రేడియో ఒక్కసారిగా మౌనం వహించి, తెరపై నాలుగంకెల సంకేతాన్ని అడగడం 1980ల అనంతరం ఐరోపా కార్ల యజమానులలో అనేకులకు అనుభవమే. ఆ రేడియోలో తీగ తెగలేదు, ట్రాన్సిస్టర్ కాలలేదు. లోపించినది జ్ఞానం మాత్రమే. యజమాని ఒక సంఖ్యను మరచిపోయాడు. ఈ తాళం ఎందుకు పుట్టింది, ఎక్కడ దాగి ఉంది, దానిని తీసే విధానమేమిటి, తీయడానికి అర్హులెవరు అనే విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తాళానికి కారణం

కారులో రేడియో అమర్చే ఆచారం 1930 ప్రాంతంలో ఆరంభమైంది. అమెరికాలో గాల్విన్ సంస్థ 1930లో ‘మోటరోలా’ పేరుతోను, జర్మనీలో ‘బ్లాపుంక్ట్’ పేరుతో 1932లోను ఇట్టి రేడియోలు వెలువడ్డాయి. కాలక్రమాన క్యాసెట్టు యంత్రం దానికి తోడై, రేడియో విలువైన వస్తువయింది. దానితోపాటు దొంగల దృష్టీ దానిపై పడింది. 1980లలో న్యూయార్కు నగరవాసులు తమ కార్ల అద్దాలకు ‘రేడియో లేదు’ అని చీటీలు అంటించుకొనవలసి వచ్చిందంటే పరిస్థితి తీవ్రత ఊహింపదగినదే.

దీనికి ప్రతిక్రియగా వచ్చినదే సంకేత తాళం. రేడియోకు విద్యుత్తు తెగిపోయి మరల వచ్చినపుడు అది సంకేతాన్ని అడుగుతుంది. సరియైన సంఖ్య ఇచ్చినగాని పలుకదు. నాలుగంకెలతో 0000 నుండి 9999 వరకు 10,000 సంఖ్యలు సాధ్యం. వోక్స్‌వాగన్ కార్ల రేడియోలలో అనేకం రెండుసార్లు తప్పు సంఖ్య ఇస్తే ‘సేఫ్’ అనే మాట చూపి దాదాపు గంటసేపు స్తంభించిపోతాయి. గంటకు రెండు ప్రయత్నాల చొప్పున అన్ని సంఖ్యలనూ పరీక్షించడానికి 5,000 గంటలు, అనగా రేయింబవళ్లు కూర్చున్నా సుమారు 208 దినాలు పడుతుంది. దొంగకు అంత ఓపిక ఉండదు. అయితే సంకేతం వ్రాసిన కార్డును పోగొట్టుకున్న నిజమైన యజమానికి మాత్రం ఎట్లుంటుంది?

విద్యుత్తు లేకున్నా చెరగని స్మృతి

బ్యాటరీ తీసివేసినా రేడియో తన సంకేతాన్ని మరవదు. ఆ సంఖ్య ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో ఉంటుంది. దానిని ‘ఈఈప్రోమ్’ అంటారు. అనగా విద్యుత్తుతోనే చెరిపి, విద్యుత్తుతోనే తిరిగి వ్రాయదగిన స్మృతి.

దీనికి మూలమైన భావన 1967లో బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ‘తేలియాడు ద్వారం’. ట్రాన్సిస్టర్‌లో నలువైపులా విద్యుద్బంధకమైన సిలికన్ డయాక్సైడ్ ఆవరించిన చిన్న వాహక ఫలకాన్ని ఊహించుకోండి. అందులో ఎలక్ట్రానులను నింపితే ఒక స్థితి, తీసివేస్తే మరొక స్థితి. ఇవే మన ఒకటి, సున్న. చుట్టూ బంధకం ఉన్నందున లోపల చిక్కిన ఎలక్ట్రానులు సంవత్సరాల తరబడి బయటపడలేవు.

మరి బంధకాన్ని దాటించి వాటిని లోపలికి పంపేదెట్లు? 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ వివరించిన క్వాంటం సొరంగ ప్రక్రియ ఇక్కడ ఉపకరిస్తుంది. బంధకపు పొర మందం దాదాపు 100 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే ఉన్నపుడు, పదిహేను ఇరవై వోల్టుల పీడనం కలిగిస్తే ఎలక్ట్రానులు గోడను ఎక్కకుండానే దాని గుండా చొచ్చుకొనిపోతాయి. అంతకుముందటి ఈప్రోమ్‌ను చెరపడానికి స్ఫటిక గవాక్షం ద్వారా అతినీలలోహిత కిరణాలను కొన్ని నిమిషాలపాటు ప్రసరింపజేయవలసి వచ్చేది. ఈఈప్రోమ్‌కు ఆ శ్రమ లేదు. తరువాతి చిప్‌లు తమకందే 5 వోల్టుల నుండే అవసరమైన అధిక వోల్టేజిని లోపలనే సృష్టించుకుంటాయి. ఒక బైటును వ్రాయడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు.

రేడియోలలో తరచు కనిపించే 24సీ02 అనే చిప్‌లో 256 బైట్లుంటాయి. ఇది 1982లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన రెండు తీగల పద్ధతిలో మాట్లాడుతుంది: ఐదవ కాలు దత్తాంశానికి, ఆరవది గడియారపు స్పందనలకు, నాలుగవది భూమికి, ఎనిమిదవది విద్యుత్ సరఫరాకు. ఒక్కొక్క అంకెకు నాలుగు బిట్లు సరిపోతాయి గనుక నాలుగంకెల సంకేతానికి కావలసినది రెండు బైట్లే. 256 గదుల ఇంటిలో రెండు గదులలోని రహస్యం యావత్తు రేడియోనూ మూగను చేస్తున్నదన్నమాట!

మరమ్మతు క్రమం

మొదట చేయదగినది టంకపు కడ్డీని పట్టడం కాదు. రేడియో క్రమసంఖ్యను, కారు యాజమాన్య పత్రాలను చూపితే తయారీదారు ప్రతినిధులే సంకేతం తెలుపవచ్చు. ఆ మార్గం మూసుకొనిపోయినపుడే రెండవ మార్గం.

చిప్‌ను బోర్డు నుండి జాగ్రత్తగా విడదీసి, ప్రోగ్రామరు అనే పరికరంలో ఉంచి, అందలి బైట్లన్నిటినీ కంప్యూటరులోనికి చదువుకొనవలెను. బోర్డుపైనుండగానే చదవబోతే రేడియోలోని ప్రాసెసరు కూడ అవే తీగలపై మాట్లాడి గందరగోళం కలిగించవచ్చు. రెండుసార్లు చదివి, రెండు ప్రతులూ సమానమని నిర్ధారించుకొని, మూలప్రతిని భద్రపరచడం అత్యవసరం. ఈ జాగ్రత్త లేనివారికి వెనుకకు దారి ఉండదు.

తరువాత సంకేత స్థానాన్ని గుర్తించాలి. సంకేతం తెలిసిన అదే నమూనా రేడియో మరొకటి దొరికితే, దాని ప్రతిలో ఆ అంకెలున్న చోటు చూస్తే సరిపోతుంది. కొన్నింటిలో అంకెలు వరుసగా, కొన్నింటిలో జంటలు తారుమారై, మరికొన్నింటిలో మారువేషంతో ఉంటాయి. స్థానం తెలిసిన పిమ్మట సంకేతాన్ని చదువుకొనవచ్చు, లేదా ఆ రెండు బైట్లలో కొత్త సంఖ్య వ్రాయవచ్చు. మరొక రేడియో స్మృతిని మొత్తంగా నకలు చేయడం సులభమనిపిస్తుంది. కాని అనేక రేడియోలలో కర్మాగారంలో చేసిన సూక్ష్మ సర్దుబాట్లు కూడ అదే చిప్‌లో ఉంటాయి. పరుల స్మృతిని పూర్తిగా అరువు తెచ్చుకున్న రేడియో తాళం వీడినా సరిగా పలుకకపోవచ్చు. మార్చవలసినంత మాత్రమే మార్చడం ఉత్తమ వైద్యుని లక్షణం.

విద్యతోపాటు వివేకం

దొంగను ఆపిన తాళమూ, యజమానిని ఆపిన తాళమూ ఒక్కటే. దానిని తీసే విద్యకూ ఇరువురూ సమానమే; చిప్ ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. తెలియవలసినది మరమ్మతుదారునికి. కనుక యాజమాన్య పత్రం చూడకుండా ఈ పనికి పూనుకొనరాదు. ఇట్టి చిప్‌లను తిరిగి వ్రాయడం స్వతహాగా నేరం కాదు గాని, మరొక రంగంలో చట్టం స్పష్టంగా గీత గీసింది. సెల్‌ఫోను గుర్తింపు సంఖ్యను మార్చడాన్ని బ్రిటన్ 2002లో చట్టం ద్వారా నేరంగా ప్రకటించగా, మన కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాల ద్వారా నిషేధించింది. పరికరం ఒకటే, నైపుణ్యం ఒకటే. ఉద్దేశాన్ని బట్టి ఒకటి సేవ, మరొకటి దోషం.

అయితే మరొక పార్శ్వమూ విస్మరింపరానిది. రెండు బైట్లు తెలియక, మంచి స్థితిలో ఉన్న యంత్రాన్ని చెత్తకుప్పలో వేయడం మన దేశానికి తగిన పొదుపు కాదు. ఒకప్పుడు మరమ్మతు అంటే తెగినది అతకడం. నేడు మరమ్మతు అంటే వ్రాసినది చదవడం కూడ. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు బైటునూ బిట్టునూ పరీక్షకోసం వల్లించి విడిచిపెట్టక, ప్రయోగశాలలో ఒక పాత చిప్‌ను తీసుకొని చదివి చూడాలి. పుస్తకంలోని సున్నలూ ఒకట్లూ అప్పుడే సజీవమవుతాయి. చేతికి పనీ, మనసుకు నమ్మకమూ అప్పుడే కలుగుతాయి.