ఒకే మెయిలు రెండుసార్లు ఎందుకొస్తుంది?

ముగ్గుల పోటీ కబురు ఒకే ఇంటికి రెండుసార్లు అందితే నష్టమేమీ లేదు. కానీ ఫలానావారి ఆపరేషనుకు రక్తం కావాలన్న మెయిలు రెండుసార్లు వస్తే, రోగి ఒకరా ఇద్దరా అని ఫోన్లు మొదలవుతాయి. సభ్యత్వ రుసుము కట్టమన్న మెయిలు మళ్ళీ కనబడితే, నిన్ననే కట్టిన పెద్దాయన "అందలేదేమో" అనుకుని ఇంకోసారి కట్టేస్తారు. వీటికంటే ఇబ్బంది ఇంకొకటుంది. విసిగిపోయిన సభ్యుడు "నా పేరు తీసేయండి బాబూ" అంటారు. తీసేస్తారు. దాంతో రెండు ప్రతులూ ఆగిపోతాయి. ఆ తరువాత ఎవరింట శుభం జరిగినా, అశుభం జరిగినా ఆ కుటుంబానికి కబురుండదు.

బొగ్గు గనులకో, కాగితం మిల్లుకో, థర్మల్ కేంద్రానికో వచ్చి చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్ ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పిల్లలు పుణేలో ఒకరు, హైదరాబాదులో ఒకరు, సముద్రాల అవతల ఇంకొకరు. వాట్సాప్ వచ్చి ఇన్నేళ్ళయినా సర్వసభ్య సమావేశం నోటీసు, జమాఖర్చుల పట్టిక ఈమెయిలులో పంపే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే ఒకే కాగితం రెండుసార్లు వచ్చి పడడమనే బెడద బ్యాంకువాళ్ళకు బాగా పాతదే.

వెనుకటి రోజుల్లో విదేశీ బిల్లులను రెండు మూడు ప్రతులుగా రాసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఒక ఓడ మునిగినా ఇంకొకటి చేరుతుందని ఆశ. మరి అన్నీ చేరితే? ఆ సంగతి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 132వ సెక్షన్ చూసుకుంది. ప్రతి భాగానికీ నంబరుండాలి. మిగతా భాగాలకు చెల్లింపు జరగనంతవరకే ఈ భాగం చెల్లుతుందని అందులో రాసి ఉండాలి. అన్ని భాగాలూ కలిసి ఒకే బిల్లు. అంటే, కాగితం దారిలో పోవడంకంటే రెండు రావడమే నయం, కానీ రెండూ ఒకటేనని పట్టుకోవడానికి గుర్తు కావాలి. ఈనాడు నెఫ్ట్‌లో పంపే డబ్బుకు యూటీఆర్ నంబరు ఉన్నది కూడా ఇలాంటి గుర్తు కోసమే.

ఈమెయిలు ఏర్పాటు చేసినవారు ఈ సూత్రంలో సగం పాటించి, సగం వదిలేశారని నా అభిప్రాయం. మెయిళ్ళను ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు చేర్చే పద్ధతిని 1982లో జోనథన్ పోస్టెల్ రాసిపెట్టారు. పంపే సర్వరు ఉత్తరమంతా అప్పజెప్పి, చివర ఒక చుక్క పెడుతుంది. అవతలి సర్వరు "అందింది" అని రసీదు ఇవ్వాలి. రసీదు వచ్చేదాకా పంపినవాడిదే బాధ్యత. చక్కని పద్ధతే. కానీ ఉత్తరం చేరి, రసీదు మాత్రం దారిలో పోతే? పంపిన సర్వరుకు సంగతి తెలియదు గనుక మళ్ళీ పంపుతుంది. 1988 ఫిబ్రవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ అనే ఆయన ఆర్‌.ఎఫ్‌.సి. 1047 అనే చిన్న పత్రంలో సరిగ్గా ఇదే చెప్పారు. అందుకున్న సర్వరు ముందు రసీదు ఇవ్వకుండా, ఉత్తరాన్ని అందరి పెట్టెల్లో పంచే పనిలో పడుతుంది, ఈలోగా పంపినవాడికి ఓపిక నశిస్తుంది, రెండోసారి పంపుతాడు. ఆ మరుసటి ఏడు వచ్చిన నిబంధనల్లో రసీదు కోసం పది నిమిషాలైనా ఆగాలన్నారు. దానివల్ల బెడద తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

గుర్తు లేదా అంటే, ఉంది. ప్రతి మెయిలుకూ మెసేజ్-ఐడీ అనే పొడుగాటి గుర్తు ఉంటుంది. మామూలుగా మన కంటికి కనబడదు. ఇది ఇదివరకే వచ్చిందా అని సరిచూసి తీరాలనే నిబంధన మాత్రం ఈమెయిలులో లేదు. తొంభైల్లో అమెరికాలోని మనవాళ్ళు సాహిత్యం మీద, సినిమాల మీద వాదించుకున్న యూజ్‌నెట్‌లో, అంటే సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు అనే వార్తా బృందం నడిచిన చోట, ఈ తనిఖీ ఉండేది. ఒకే లేఖ నలుగురు పొరుగు సర్వర్ల నుంచి వచ్చినా, గుర్తు చూసి మూడింటిని గుమ్మంలోనే తిప్పి పంపేవారు. అంత పాత ఏర్పాటులో ఉన్న జాగ్రత్త ఈమెయిలుకు లేకపోవడం విచిత్రమే.

ఇక మన లిస్టు సంగతి. రెండు ప్రతులు వచ్చాయని ఎవరైనా అంటే, లిస్టు చూసేవారు ముందుగా అడగవలసింది ఒక్కటే: అందరికీ రెండేసి వచ్చాయా, మీకొక్కరికేనా? అందరికీ వస్తే గోల లిస్టుకు ముందే జరిగిందన్నమాట. పంపినవారు రెండుసార్లు మీట నొక్కి ఉంటారు, లేదా పైన చెప్పిన రసీదు తంటా లిస్టు సర్వరు గుమ్మంలోనే వచ్చి ఉంటుంది. ఒక్కరికే వస్తే వారి చిరునామాలనూ, వారి పెట్టెనూ చూడాలి.

తరువాత ఆ రెండు ప్రతుల పుట్టుపూర్వోత్తరాలు తెరవాలి. జీమెయిలులో ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే "షో ఒరిజినల్" అని వస్తుంది. అందులో మెసేజ్-ఐడీలు పోల్చండి. వేరువేరుగా ఉంటే, ఎక్కువసార్లు అవి విడివిడిగా పంపిన రెండు ఉత్తరాలు; పంపినవారికి మర్యాదగా ఒక మాట చెబితే సరి. ఒకటే అయితే "రిసీవ్డ్" అనే వరుసలు చదవాలి. వీటిని కింది నుంచి పైకి చదవాలి సుమా! ప్రతి సర్వరు తన ముద్రను అన్నిటికంటే పైన వేస్తుంది. పోస్టాఫీసు ముద్రల్లాగా ఒక్కొక్కటే పోల్చుకుంటూ వస్తే, ఎక్కడో ఒకచోట రెండు ప్రతుల దారులు చీలతాయి. తప్పు ఉన్నది అక్కడే. గడియారాల తేడా మరువకండి: ఒక ముద్ర మన టైములో, ఇంకొకటి అమెరికా టైములో ఉండవచ్చు. ఉత్తరం పది గంటలు ఎక్కడో పడుకుందని కంగారు పడనక్కరలేదు.

మనవాళ్ళ విషయంలో ఎక్కువగా అనుమానించవలసింది రెండు చిరునామాల సంగతి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. అలాంటి మార్పుల్లో పాత జాబితాలు కొత్తచోటికి తెచ్చేటప్పుడు, ఒకే మనిషి ఆఫీసు చిరునామా, సొంత చిరునామా రెండూ చేరిపోతాయి. ఆఫీసు మెయిలు సొంత పెట్టెకు మళ్ళించి ఉంటే రెండు ప్రతులు ఖాయం. అప్పుడు తీసేయవలసింది ఒక చిరునామాను, మనిషిని కాదు. ఏది ఉంచాలో ఆయననే అడగండి. రిటైరు కాబోయేవారైతే సొంతదే ఉంచమనండి.

ఇంకొకటి "రిప్లై ఆల్". జవాబులో మీ పేరూ, లిస్టు పేరూ రెండూ ఉంటే ఒక ప్రతి నేరుగా, ఒకటి లిస్టు మీదుగా వస్తాయి. జీమెయిలు ఒకే మెసేజ్-ఐడీ ఉన్నవాటిలో ఒకదాన్నే చూపిస్తుంది. అందుకే అదే ఇంట్లో కొడుకుకు ఒకటి, వేరే కంపెనీ మెయిలు వాడే తండ్రికి రెండు. తండ్రి చెప్పేది అబద్ధమేమీ కాదు! మెయిల్‌మన్ మీద నడిచే లిస్టులైతే, నేరుగా అందినవారికి రెండో ప్రతి పంపవద్దని సభ్యుడే పెట్టుకునే వీలు ఉంది.

పాత కంప్యూటర్లలో అవుట్‌లుక్ వంటివి వాడేవారికి ఒక్కోసారి పాత మెయిళ్ళు వందల సంఖ్యలో తిరిగి దిగుతాయి. పాప్ పద్ధతిలో, సర్వరు మీద ప్రతి ఉంచేలా పెట్టుకున్నప్పుడు, ఏవి దించుకున్నామన్న చిట్టాను ఆ ప్రోగ్రాము పోగొట్టుకుంటే ఇలా జరుగుతుంది. దీనికి లిస్టుతో సంబంధమే లేదు. ఐమ్యాప్‌కు మారితే చాలావరకు తీరిపోతుంది.

లిస్టు చూసేవారికి ఫిర్యాదు పంపేటప్పుడు ఆ రెండు మెయిళ్ళను మామూలుగా ఫార్వర్డ్ చేయకండి. అలా చేస్తే ఆ ముద్రలన్నీ రాలిపోయి మీ ముద్రలే మిగులుతాయి. "షో ఒరిజినల్" పేజీలోనే "డౌన్‌లోడ్ ఒరిజినల్" అని ఉంటుంది. రెండింటినీ అలా దించి, జతపరిచి పంపండి.