మెయిల్ బ్లాక్‌లిస్ట్‌లో పడిందా? కంప్లైంట్ ఎవరికి చేయాలంటే..

బందరు చిలకలపూడిలోని ఒక రోల్డ్‌గోల్డ్ నగల షాపు నుంచి ముంబై పార్టీకి కొటేషన్ మెయిల్ పంపారనుకోండి. నిమిషంలో '550' ఎర్రర్‌తో వెనక్కి వచ్చింది. సాయంత్రంలోపు రేటు చెప్పకపోతే ఆర్డర్ పోతుంది. పంపింది స్పామ్ కాదు కదా, మరెందుకిలా?

చౌక హోస్టింగ్‌లో ఒకే ఐపీని చాలా సైట్లు పంచుకుంటాయి. ఒక సైట్ హ్యాకై స్పామ్ పంపితే ఆ ఐపీ స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్ట్‌లోకి ఎక్కుతుంది. పక్కింటోడి గొడవకి మన కరెంటు పోయినట్టన్నమాట!

అయితే బ్లాక్‌లిస్ట్ మెయిల్‌ని ఆపదు. లిస్ట్ చూసి రిజెక్ట్ చేసేది అవతలి మెయిల్ సర్వర్. అందుకే ఇలా చేయండి:

1. బౌన్స్ మెసేజ్ పూర్తిగా చదవండి. ఏ లిస్ట్, ఏ ఐపీ అన్నది సాధారణంగా అందులోనే ఉంటుంది.

2. ఆ లిస్ట్ సైట్‌లో ఐపీ చెక్ చేయండి. స్పామ్‌హౌస్‌లో 'ఎక్స్‌బీఎల్' అని వస్తే మాల్‌వేర్ అనుమానం. 'పీబీఎల్' అయితే తప్పు చేశారని కాదు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లాంటి ఐపీ నుంచి మెయిల్ నేరుగా వెళ్లిందని. లాగిన్‌తో పోర్ట్ 587 వాడితే చాలు.

3. షేర్డ్ ఐపీ అయితే బౌన్స్ మెసేజ్ జతచేసి హోస్టింగ్ కంపెనీకి టికెట్ పెట్టండి. ఐపీ వాళ్లది, అడగాల్సింది వాళ్లే.

4. లిస్ట్‌లో లేకున్నా రిజెక్ట్ అవుతోందా? అవతలి అడ్మిన్‌కి ఫోన్ చేయించండి. వాళ్ల సర్వర్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్‌ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ ఎర్రర్ కోడ్ ఇస్తుంది. దాన్నే 'బ్లాక్' అని పొరబడే సర్వర్లున్నాయి.

ముందు కారణం సరిచేశాకే డీలిస్ట్ అడగండి, లేదంటే మళ్లీ లిస్ట్‌లో పడతారు. స్పామ్‌హౌస్ దీనికి డబ్బు తీసుకోదు. ఈలోగా కొటేషన్‌ని జీమెయిల్ నుంచి పంపేయండి!